పీపా కబుర్లు: ద్రాక్షతోట కుటుంబాల గురించి మీరడిగినవి

పోయిన సంచికలో కుటుంబాలు నడిపే ద్రాక్షతోటల గురించి రెండు పేజీలు రాస్తే ఉత్తరాలు గంపెడు వచ్చిపడ్డాయి. అందులో సగం కాళ్లతో తొక్కడం గురించే! వైన్ తాగమని గానీ మానమని గానీ చెప్పడం ఈ శీర్షిక పని కాదు. చదువయ్యాక కొన్నేళ్లు సెల్లార్లలో, అంటే వైన్ చేసి నిలవచేసే నేలమాళిగల్లో, పీపాలు కడిగి, గొట్టాలు మోసి, ఆ తర్వాత ల్యాబ్‌లో వైన్ పరీక్షలు చేసినదాన్ని. అది ఎలా తయారవుతుందో, ఎవరి చేతుల మీదుగా వస్తుందో మాత్రం చెప్పగలను.

ప్రశ్న: మేడమ్, ఇంకా నిజంగానే కాళ్లతో ద్రాక్ష తొక్కుతారా? లేక టూరిస్టుల కోసం చేసే తమాషానా? అసలది శుభ్రమేనా?

తమాషా కూడా ఉంది, నిజం కూడా ఉంది. పోర్చుగల్‌లోని డోరో నది లోయలో పోర్ట్ వైన్ చేసేవాళ్లలో కొందరు ఇప్పటికీ తొక్కుతారు. గ్రానైట్ రాయితో కట్టిన, లోతు తక్కువ ఉండే వెడల్పాటి తొట్లు ఉంటాయి. వాటిని లగార్ అంటారు. పగలు కోసిన పళ్లు అందులో పోసి, సాయంత్రం దిగుతారు. మొదటి రెండు గంటలూ ఆటా పాటా ఏమీ ఉండవు. ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని వరసలు కట్టి, ఒకరు లెక్క పెడుతుంటే మిగతావాళ్లు కదం తొక్కుతూ ముందుకూ వెనక్కూ నడవాలి. పిక్కలు పీకేస్తాయి. సంగీతం, చిందులు ఆ తర్వాతే. ఫొటోల్లో మీరు చూసేది ఆ రెండో భాగాన్నే.

కాళ్లే ఎందుకంటే, ద్రాక్ష గింజలో మొరటు చేదు ఉంటుంది. గింజ చితికితే అదంతా రసంలోకి దిగుతుంది. అరికాలు తొక్కను బాగా నలుపుతుంది గానీ గింజ జోలికి పోదు. పోర్ట్‌కి ఇంకో తొందర కూడా ఉంది. రసం సగం పులిసేసరికి 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష స్పిరిట్ పోసి, పులియడం అక్కడికి ఆపేస్తారు. అందుకే అందులో తీపి మిగులుతుంది. అంటే తొక్కలోని రంగూ రుచీ రాబట్టుకోవడానికి రెండు మూడు రోజులకు మించి వ్యవధి లేదు. మామూలు ఎర్ర వైన్‌కి వారం నుంచి మూడు వారాల దాకా టైమ్ ఉంటుంది కాబట్టి అక్కడ ఇంత శ్రమ అక్కర్లేదు. మిగతా చోట్ల తొక్కుడు పోయి ఈ లోయలో మిగలడానికి కారణం ఈ తొందరే.

శుభ్రం మాటకొస్తే, దిగేముందు తొడల దాకా కడుక్కుంటారు. అంతకన్నా పెద్ద కాపలా రసంలోనే ఉంది. దాని పులుపు పీహెచ్ 3, 4 మధ్య ఉంటుంది, పైగా ఆల్కహాల్ తయారవుతూ ఉంటుంది. మనకు జబ్బు చేసే క్రిములు అందులో బతకలేవు. మొదటి సాయంత్రం కాలు పెడితే జిల్లుమంటుంది. మర్నాటికి ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను తినడం మొదలుపెట్టి వేడి పుట్టిస్తుంది. అప్పుడు దిగితే గోరువెచ్చగా, చీలమండల చుట్టూ బుడగలు చిటపటలాడుతూ ఉంటాయి.

1990ల చివర్లో సిలికాన్ పాదాలున్న తొక్కుడు యంత్రాలు కూడా వచ్చాయి. మనిషి పాదం వేసేంత ఒత్తిడే వేసేలా చేశారు వాటిని. సంప్రదాయం చెడిందని కొందరు ముఖం చిట్లిస్తారు. నేను చిట్లించను. పొద్దంతా కొండవాలు మీద పళ్లు కోసిన మనిషిని రాత్రి మళ్లీ తొట్టిలోకి దిగమనడం ఎవరికి సరదా?

ప్రశ్న: జార్జియా దేశంలో మట్టి బానల్ని భూమిలో పాతిపెట్టి వైన్ చేస్తారట. పాతడం ఎందుకు? లోపల కడిగేదెలా?

ఈ ప్రశ్న అడిగినవారికి రెండు చేతులా దండం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే.

ఆ బానని క్వెవ్రీ అంటారు. కోడిగుడ్డు ఆకారంలో, కింద మొన తేలి ఉంటుంది. చిన్నవి కొన్ని లీటర్లవి, పెద్దవి వేల లీటర్లవి. పెద్ద బానని సారె మీద చేయడం కుదరదు. మట్టిని తాడులా పేని, వరస మీద వరస పెట్టి, కింది వరస కాస్త ఆరాక పై వరస పెట్టుకుంటూ వారాల తరబడి కడతారు. కాల్చాక, ఇంకా వేడిగా ఉండగానే లోపల తేనెమైనం పూస్తారు. మైనం మట్టి రంధ్రాల్లోకి ఇంకిపోతుంది. మూతి మాత్రమే పైకి కనిపించేలా నేలలో పాతుతారు. ఆ గదిని మరానీ అంటారు.

కాఖేతీ ప్రాంతపు పద్ధతిలో తొక్కిన రసం, తొక్కలు, గింజలు, చాలాసార్లు కాడలు కూడా బానలోనే పోసేస్తారు. పులిసేటప్పుడు తొక్కలు పైకి తేలి గట్టిగా అట్ట కడతాయి. రోజుకు నాలుగైదుసార్లు కర్రతో దాన్ని కిందికి ముంచాలి. ముంచకపోతే పైన ఎండిపోయి వినెగర్ వాసన పట్టుకుంటుంది. పులియడం ముగిశాక తొక్కలు వాటంతటవే మునుగుతాయి. అప్పుడు మూత వేసి, చుట్టూ మట్టి మెత్తి, మళ్లీ వసంతం దాకా వదిలేస్తారు.

పాతడం వల్ల మొదటి లాభం చల్లదనం. భూమి లోపల ఏడాదంతా ఉష్ణోగ్రత పెద్దగా మారదు, కరెంటు లేకుండానే సెల్లార్ అన్నమాట. రెండోది ఆకారం. గింజలు బరువు కాబట్టి ముందుగా అడుగున మొనలోకి చేరతాయి. వాటి మీద మడ్డి, తొక్కలు పేరుకుంటాయి. చేదు పుట్టించే గింజలు వైన్‌కి పెద్దగా తగలకుండా కిందే ఉండిపోతాయి. మనిషి కలగజేసుకోకుండానే వైన్ తేటబడుతుంది. ర్‌కాట్సితెలి లాంటి తెల్ల ద్రాక్షని ఇలా చేస్తే వైన్ తేనెరంగులోకి వస్తుంది, ఎర్ర వైన్‌లో ఉండేంత వగరు ఉంటుంది. మొదటిసారి తాగినవాళ్లు పాడైందనుకుంటారు.

ఇక కడగడం. అసలు నైపుణ్యమంతా అక్కడుంది. పెద్ద బానైతే మనిషి మూతిలోంచి లోపలికి దిగి, చిన్నదైతే పొడుగాటి కర్రకు కట్టిన చెర్రీచెట్టు బెరడు బ్రష్షుతో గోడలు రుద్దుతారు. సున్నం నీళ్లో, బూడిద నీళ్లో పోసి మళ్లీ మళ్లీ కడుగుతారు. కడిగిన నీళ్లు తాగేంత తేటగా వచ్చేదాకా వదలరు. పాతిన బానకి బయట పగులొస్తే కనబడదు, లోపల మూలన బూజు మిగిలితే ఆ ఏటి పంట మొత్తం పోతుంది. నేను చూసిన మంచి వైన్ ఇళ్లన్నిటిలోనూ ఎక్కువ గంటలు పట్టేది కడుగుడుకే. ఎవరూ దాన్ని ఫొటో తీయరు, అంతే.

జార్జియాలో షులావేరి గోరా, గడాచ్రిలి గోరా అనే పాత దిబ్బల్లో దొరికిన కుండపెంకుల్లో ద్రాక్ష వైన్ ఆనవాళ్లున్నాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అవి సుమారు క్రీ.పూ. 6000 నాటివి. క్వెవ్రీ పద్ధతిని 2013లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రపంచం పట్టించుకోని రోజుల్లో కూడా దీన్ని నిలిపింది ఇంటి అవసరానికి చేసుకున్న కుటుంబాలే.

ప్రశ్న: నేను శాకాహారిని. వైన్‌లో కోడిగుడ్డు వేస్తారంటే నమ్మలేకపోతున్నాను.

నమ్మండి. ఎర్ర వైన్ పీపాలో మాగాక ఇంకా మొరటుగా ఉంటే, 225 లీటర్ల పీపాకి నాలుగైదు గుడ్ల తెల్లసొన గిలకొట్టి పోస్తారు. అది వగరు పదార్థాన్ని పట్టుకుని అడుగుకి దిగిపోతుంది. పైన తేరిన వైన్‌ని తోడుకుంటారు. ఇదే పనికి పాల ప్రొటీన్, చేప నుంచి తీసే పదార్థం కూడా వాడతారు. తెల్ల వైన్‌కి ఎక్కువగా బెంటొనైట్ అనే బంకమట్టి వాడతారు, అది మీకు ఇబ్బంది లేదు. గుడ్డు, పాల పదార్థాల ఆనవాళ్లు మిగిలితే లేబుల్ మీద రాయాలని యూరోపియన్ యూనియన్‌లో 2012 నుంచి నిబంధన ఉంది. ఆనవాళ్లు మిగలకపోతే రాయక్కర్లేదు. కాబట్టి వేగన్ (జంతువుల నుంచి వచ్చేవేవీ వాడనిది) అని స్పష్టంగా రాసి ఉన్నదే చూసుకోండి.

ప్రశ్న: నలుగురు పిల్లలుంటే భూమి నాలుగు ముక్కలవుతుంది కదా. మరి ఈ కుటుంబాలు వందల ఏళ్లుగా తోటల్ని ఎలా నిలబెట్టుకున్నాయి?

చాలామంది నిలబెట్టుకోలేదు. నిలిచినవాళ్ల పేర్లే మనకి వినబడతాయి. ఇటలీలో ఆంటినోరి కుటుంబం 1385లో ఫ్లోరెన్స్ వైన్ వర్తకుల సంఘంలో చేరింది. 26 తరాలుగా వ్యాపారం వాళ్లదే. ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో హ్యూగెల్ కుటుంబం 1639 నుంచి ఒకే ఊళ్లో వైన్ చేస్తోంది. ఇలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

ముక్కలైతే ఏమవుతుందో చూడాలంటే ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతానికి వెళ్లాలి. అక్కడ క్లో ద వూజో అనే తోట ఉంది. మధ్యయుగాల్లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు పెంచి, చుట్టూ రాతిగోడ కట్టారు. సుమారు 50 హెక్టార్లు. ఫ్రెంచి విప్లవంలో ప్రభుత్వం లాక్కుని అమ్మేసింది. 1804లో నెపోలియన్ చట్టం ఆస్తిని పిల్లలందరికీ సమానంగా పంచాలంది. అమ్మకాలూ పంపకాలూ కలిసి ఇవాళ అదే గోడ లోపల 80 మంది దాకా యజమానులున్నారు. కొందరికి ఉన్నది కొన్ని వరసలే. లేబుల్ మీద తోట పేరు ఒకటే, సీసాలోది మాత్రం ఎవరి చేతివాటం వాళ్లది. ఎవరి సీసా అని చూడకుండా ఆ తోట పేరు చూసి కొనడం దండగ.

అక్కడికి దగ్గర్లోనే ఉన్న క్లో ద తార్ కథ దీనికి పూర్తిగా తలకిందులు. 7.5 హెక్టార్ల చిన్న తోట. 1141లో సన్యాసినుల మఠం చేతికొచ్చింది. విప్లవం తర్వాత 1791లో ఒక కుటుంబం కొంది, 1932లో ఇంకో కుటుంబం, 2017లో కోటీశ్వరుడు ఫ్రాంస్వా పినోకి చెందిన సంస్థ. దాదాపు తొమ్మిది వందల ఏళ్లలో ఒక్కసారి కూడా ముక్కలవలేదు. కానీ చివరికి కుటుంబం చేతుల్లో మాత్రం మిగల్లేదు, గమనించారా? ఇప్పటి అసలు సమస్య ముక్కలవడం కాదు, ధర. బర్గండీలో పేరున్న తోటల్లో హెక్టారు పది లక్షల యూరోలు ఎప్పుడో దాటేసింది. తండ్రి పోతే వారసత్వ పన్ను ఆ మార్కెట్ ధర మీదే లెక్కకడతారు. వైన్ అమ్మితే వచ్చే డబ్బు ఆ పన్నుకి ఏ మూలకి? అందుకే చాలామంది బతికుండగానే భూమిని ఒక కంపెనీ పేరున పెట్టి, పిల్లలకి వాటాలు రాసేస్తారు. సాగు ఒక్కరే చేస్తారు, మిగతావాళ్లకి కౌలు ముడుతుంది.

ఇదీ గొడవలు లేని ఏర్పాటేం కాదు. నేను పనిచేసిన ఒక ఇంట్లో అన్నగారిది తోట, చెల్లెలుగారివి అమ్మకాలు. మూడో ఆయన ఎక్కడో నగరంలో ఉద్యోగం. ఏటా లెక్కలు చూసుకునే రోజున ఆయన వచ్చి కౌలు పెంచమనేవాడు. పీపాలు కొత్తవి కొనాలని అన్నగారు, అప్పు తీర్చాలని చెల్లెలుగారు. తలుపులు దబదబా మోగేవి. మర్నాడు పొద్దున్నే ముగ్గురూ కలిసి తీగలు కత్తిరించడానికి వెళ్లేవాళ్లు. ఏ వరసలో నీళ్లు నిలుస్తాయో, ఏ మూల పండు నాలుగు రోజులు ముందు మాగుతుందో ఆ ముగ్గురికీ నోటికి వచ్చు. కొత్తగా కొన్నవాళ్లకి కాగితాల్లో అది దొరకదు. తెలుసుకునేసరికి పదేళ్లు పడుతుంది.

ప్రశ్న: సీసా చూసి అది కుటుంబం చేసిందో, పెద్ద కంపెనీ చేసిందో చెప్పొచ్చా?

షాంపేన్ (ఫ్రాన్స్‌లో చేసే బుడగల వైన్) అయితే తేలిక. లేబుల్ కింద చిన్న అక్షరాల్లో రెండక్షరాల కోడ్ ఉంటుంది. ఆర్.ఎం. అంటే సొంత పళ్లతో సొంతంగా చేసిన రైతు. ఎన్.ఎం. అంటే పళ్లు బయట కొని కూడా చేసే సంస్థ. సి.ఎం. అంటే సహకార సంఘం. మిగతా ఫ్రెంచి వైన్‌లలో ఎస్టేట్‌లోనే సీసాల్లో నింపామన్న మాట కోసం వెతకండి. ఎన్.ఎం. అంటే నాసిరకమని మాత్రం అనుకోవద్దు. వందల ఏళ్ల కుటుంబ సంస్థలు కొన్ని ఆ కోడ్ కిందే ఉన్నాయి. సంఘాలకు పళ్లు పోసే చిన్న రైతులూ కుటుంబాలే కదా. వాళ్ల పేరు సీసా మీద ఉండదు, అంతే తేడా.

ప్రశ్న: ఈస్ట్ కలపకుండా దానంతటదే పులిసిన వైనే అసలైనదని మా అన్నయ్య వాదన. ప్యాకెట్ ఈస్ట్ వేస్తే తప్పేంటని నేను. ఎవరిది రైటు?

అన్నయ్యగారికి ఒక సంగతి చెప్పండి. పండు తొక్క మీద రకరకాల ఈస్ట్‌లుంటాయి గానీ, వైన్‌ని చివరిదాకా పులియబెట్టే శాకరోమైసిస్ సెరెవిసియే మాత్రం చాలా తక్కువ. దాని కాపురం ఎక్కువగా సెల్లార్‌లోనే, తొట్ల మీద, గోడల మీద, పిండే యంత్రం సందుల్లో. కందిరీగల పొట్టలో అది చలికాలమంతా బతికుండి మళ్లీ పళ్లకు చేరుతుందని 2012లో ఇటలీ పరిశోధకులు చూపించారు. మొదట తొక్క మీదివి ఎగబడతాయి. ఆల్కహాల్ నాలుగైదు శాతం చేరేసరికి అవి చాలావరకు చతికిలబడతాయి. అక్కణ్నుంచి శాకరోమైసిస్ రాజ్యం.

అది అందుకోకపోతే పులియడం మధ్యలో ఆగిపోతుంది. చక్కెర మిగిలిన రసం బ్యాక్టీరియాకి విందు. అది చూసిన యజమానుల టెన్షన్ నాకు తెలుసు. రాత్రీ పగలూ థర్మామీటర్ పట్టుకుని తొట్టి చుట్టూ తిరుగుతారు. అందుకని పాతకాలం వాళ్లే ఓ ఉపాయం చేశారు. కోతకి వారం ముందు కొన్ని గుత్తులు కోసి చిన్న పాత్రలో పులియబెడతారు. అది జోరందుకున్నాక పెద్ద తొట్టిలో కలుపుతారు. ప్యాకెట్ అక్కర్లేదు, పూర్తిగా దేవుడి మీద భారం వేయడమూ కాదు. నా ఓటు దీనికే. కానీ వాన పడి బూజు పట్టిన ఏడాది ప్యాకెట్ వేసినవాణ్ని నేను తప్పు పట్టను.

ప్రశ్న: వైన్ తొట్టి గదిలోకి కొవ్వొత్తి పట్టుకుని దిగేవాళ్లని ఒక కథలో చదివాను. ఎందుకు?

కథలోది నిజమే, కానీ ఆ కొవ్వొత్తిని నమ్ముకోవద్దు. చక్కెర ఆల్కహాల్‌గా మారేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఒక్క లీటరు రసం పూర్తిగా పులిసేసరికి సుమారు 50 లీటర్ల గ్యాస్ వస్తుంది. వేల లీటర్ల తొట్టి అయితే ఎంతో లెక్కేసుకోండి. అది గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. నేలమాళిగ అడుగునా, ఖాళీ చేసిన తొట్టిలోనూ కదలకుండా ఉండిపోతుంది. రంగూ వాసనా లేవు.

మంట ఆరిపోతే గాలి చాలడం లేదని గుర్తు, అందుకే ఆ కొవ్వొత్తి. చిక్కేంటంటే, గాలిలో ఈ గ్యాస్ నాలుగు శాతం చేరితే చాలు మనిషికి ప్రమాదం, పది శాతం దగ్గర స్పృహ పోతుంది. అప్పటికి కొవ్వొత్తి ఇంకా వెలుగుతూనే ఉండొచ్చు. ఇప్పుడు గోడకి మోకాలి ఎత్తులో మీటర్లు పెడతారు, ఫ్యాన్లు పెడతారు. చిన్న కుటుంబ సెల్లార్లలోనే ఇవి లేక ప్రాణాలు పోతుంటాయి. అందులోనూ ఒక్కరితో ఆగదు. పడిపోయినవాణ్ని లాగుదామని అన్న దిగుతాడు, అన్న కోసం తండ్రి దిగుతాడు. కోతల రోజుల్లో ఎవరి సెల్లార్‌కి వెళ్లినా మెట్ల దగ్గర ఆగి, మీటరుందా అని అడగండి. మొహమాటపడొద్దు. ఎవరైనా పడిపోయి కనిపిస్తే లోపలికి దూకకుండా ముందు కేక వేయండి, గాలి ఆడించండి.

ప్రశ్న: లేబుల్ మీద 'పాత తీగలు' అని వేసి ధర పెంచుతారు. వయసు పెరిగితే ద్రాక్ష బాగవుతుందా?

తీగ నాటాక మూడో ఏటికి కాపుకొస్తుంది. పాతికేళ్లు దాటాక కాపు తగ్గుతూ పోతుంది. వేళ్లు లోతుకి పోయి ఉంటాయి కాబట్టి ఎండాకాలాన్ని తట్టుకుంటుంది. గుత్తులు తక్కువ కాబట్టి ఉన్నవాటికి రుచి చిక్కబడుతుంది. కాబట్టి మాటలో నిజముంది. కాకపోతే ఎన్నేళ్లకి 'పాత' అనాలో చాలా దేశాల్లో చట్టం చెప్పలేదు. ముప్పై ఏళ్ల తీగకీ, నూటపాతికేళ్ల తీగకీ అదే మాట వాడుకోవచ్చు.

యూరప్‌లో నిజంగా పాతవి అరుదు. 1860లలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పురుగు వేళ్లను తినేసి తోటలకు తోటల్నే ఎండబెట్టింది. 1868లో ప్లాంషాన్ అనే శాస్త్రవేత్త బృందం దాన్ని వేళ్ల మీద పట్టుకుంది. మందులు పెద్దగా పనిచేయలేదు. చివరికి ఆ పురుగుని తట్టుకునే అమెరికా తీగల వేళ్ల మీద యూరప్ తీగల్ని అంటు కట్టారు. ఇవాళ్టికీ అదే దారి. బర్గండీ తోటలో నేల పైన ఫ్రాన్స్, నేల కింద అమెరికా.

పురుగు చేరలేని చోట్లు కొన్ని మిగిలాయి. గ్రీస్‌లో సాంతొరీని ద్వీపం వాటిలో ఒకటి. అగ్నిపర్వతపు బూడిద, ఇసుక కలిసిన నేలలో ఆ పురుగు బతకదు. అక్కడి రైతులు తీగని నేల మీదే గుండ్రంగా చుట్టి బుట్టలా అల్లుతారు. గుత్తులు బుట్ట లోపల కాస్తాయి. సముద్రపు గాలి ఇసుకతో కొట్టినా వాటికి తగలదు. బుట్ట ముసలిదై కాపు తగ్గితే పైభాగం నరికేసి, అదే వేరు నుంచి వచ్చిన చిగురుతో కొత్త బుట్ట అల్లుతారు. కొన్నిటి వేళ్ల వయసు వందేళ్లు దాటిపోయింది. స్లొవేనియాలో మారిబోర్ ఊళ్లో ఒక ఇంటి గోడకి పాకిన తీగ 400 ఏళ్లు దాటినా ఇంకా కాస్తోంది.

ప్రశ్న: రాత్రిపూట ద్రాక్షతోటలో వందల దీపాలు వెలుగుతున్న ఫొటో చూశాను. పండగా?

ఆ రాత్రి అక్కడున్నవాళ్లని పండగా అని అడిగితే కొడతారు! అవి దీపాలు కాదు, డబ్బాల్లో పోసిన మైనపు ఒత్తులు. వసంతంలో చిగురు వేశాక ఉష్ణోగ్రత సున్నాకి రెండు డిగ్రీలు కిందికి పోతే లేత చిగురు నల్లబడి చస్తుంది, దాంతో ఆ ఏటి కాపూ పోయినట్టే. హెక్టారుకి మూడు నాలుగు వందల డబ్బాలు పెట్టి తెల్లారేదాకా వెలిగిస్తారు. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ మొత్తం ఇలాంటి రాత్రులు గడిపింది, అయినా పంట దారుణంగా పోయింది.

ఫ్రాన్స్‌లోనే షబ్లీ అనే చోట కొందరు ఇంకో పని చేస్తారు, వినడానికి తలతిక్కగా ఉంటుంది. చిగుళ్ల మీద నీళ్లు చల్లుతారు. నీరు గడ్డకట్టేటప్పుడు వేడి వదులుతుంది. అందుకని మంచు పొర లోపల చిగురు సున్నా దగ్గరే నిలబడుతుంది. కానీ మధ్యలో మోటారు ఆగితే అసలుకే మోసం. సూర్యుడొచ్చి ఐసు కరిగేదాకా చల్లుతూనే ఉండాలి.

ఖర్చు లేని పాత పద్ధతి ఒకటుంది. మంచు దిగే పల్లపు వరసల్ని అన్నిటికన్నా చివర్లో కత్తిరించడం. కత్తిరింపు ఆలస్యమైతే చిగురూ ఆలస్యమవుతుంది. ఇప్పుడు దాని అవసరం ఇంకా పెరిగింది. బర్గండీలోని బోన్ పట్టణంలో 1354 నుంచి 2018 దాకా ద్రాక్షకోత తేదీల లెక్క ఉంది. 1987 వరకు సగటున సెప్టెంబర్ 28 ప్రాంతంలో మొదలయ్యే కోత, 1988 నుంచి సగటున 13 రోజులు ముందుకొచ్చింది. చలికాలాలు వెచ్చబడి తీగ తొందరపడి చిగురేస్తోంది, ఏప్రిల్ మంచు మాత్రం తన టైముకి తాను వస్తోంది.

ప్రశ్న: కుటుంబాలు చేసే సహజమైన వైన్ గుండెకి మంచిదట కదా?

కాదు. ఏ స్థాయి మద్యమూ ఆరోగ్యానికి క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. తాత చేతితో చేసినా ఆల్కహాల్ ఆల్కహాలే. ఇంకొకరు మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ గురించి భయంగా అడిగారు. మామూలుగా పులిసిన ద్రాక్ష రసంలో అది ప్రమాదం లేనంత తక్కువ ఉంటుంది. 1986లో ఇటలీలో 20 మందికి పైగా చనిపోయింది మిథనాల్‌ని డబ్బాశతో కావాలని కలిపినందువల్ల.

ప్రశ్న: ఒక సీజన్ కుటుంబ తోటలో కోత పనికి వెళ్దామనుకుంటున్నాను. ఏమేం తీసుకెళ్లాలి?

పని అనుమతి కాగితాలు ముందు. తర్వాత నడుము. బర్గండీ లాంటి చోట్ల గుత్తులు మోకాలి ఎత్తులోనే ఉంటాయి, రోజంతా వంగే ఉండాలి. మోకాళ్లకి కట్టుకునే ప్యాడ్లు, వాన ప్యాంటు, టోపీ, మంచినీళ్ల సీసా. కత్తెర వాళ్లే ఇస్తారు. తొడుగు మాత్రం గుత్తి పట్టుకునే చేతికి తప్పనిసరి. ఆకుల మధ్య కనబడక కొత్తవాళ్లు మొదటిరోజే ఆ చేతి వేలు కోసుకుంటారు. పొద్దున్నే మొదలుపెడతారు, పండు చల్లగా ఉండగానే సెల్లార్ చేరాలి కాబట్టి. బూజు పట్టిన భాగం కనిపిస్తే అక్కడికక్కడే కోసి పారేయాలి, బుట్టలో వేస్తే వెనకాల వచ్చే పెద్దావిడ ఇట్టే పట్టేస్తుంది.

వెళ్లేముందు బస ఎక్కడ, వాన పడ్డ రోజు జీతం ఉందా లేదా అని రాతలో అడగండి. కిలోల లెక్కన డబ్బిచ్చే చోట పక్కనున్నవాళ్ల స్పీడు చూసి మీరూ పరిగెత్తాల్సి వస్తుంది. బూజు ఏరే తీరిక ఉండదు, పని నేర్పే తీరిక వాళ్లకీ ఉండదు. మొదటి ఏడాది మాత్రం గంటల లెక్కన డబ్బిచ్చే తోటకే వెళ్లండి.